సూరత్‌లో ఒక గ్లాసు, చాలా సీసాలు

సూరత్ వెళ్లొచ్చానని చెప్పగానే అందరూ ఎన్ని చీరలు తెచ్చావని అడుగుతున్నారు. ఒక్కటీ తేలేదు. కాలేజీ అమ్మాయిలకు ఫుట్‌బాల్ నేర్పే ఉద్యోగం కోసం వెళ్లానంటే, అక్కడ ఫుట్‌బాల్ ఎవరు ఆడతారని ఇంకో ప్రశ్న. ఆడతారు, బాగానే ఆడతారు. ఆ సంగతొక్కటే నేను గట్టిగా చెప్పగలను. మిగతా వాటిలో ఏది ఒప్పో ఏది తప్పో నాకింకా తేలలేదు. తేలాక రాద్దామనుకుంటే ఈ జన్మకు రాయలేను కాబట్టి, తేలకుండానే రాస్తున్నాను.

కరోనా మొదటి విడతలోనే హైదరాబాదులో నా ఉద్యోగం పోయింది. నేను పనిచేసే కాలేజీవాళ్లు ముందు సగం జీతమన్నారు, తర్వాత అదీ మానేశారు. ఏడాదిన్నర పాటు ఫోన్‌లో వీడియోలు పెట్టి పిల్లలకు ఆట నేర్పాను. వాళ్లు పాత సాక్సులు ఉండచుట్టి బెడ్‌రూముల్లో తన్నేవారు, వెనక నుంచి వాళ్లమ్మల కేకలు వినిపించేవి. రెండో విడత తగ్గి కాలేజీలు తలుపులు తెరుస్తున్నప్పుడు సూరత్ కబురు వచ్చింది. అక్కడి ఒక కాలేజీ కొత్తగా అమ్మాయిల జట్టు పెడుతోంది, రెండు రోజులు ఆడించి చూపించాలి, నచ్చితే ఉద్యోగం. అమ్మాయిల ఫుట్‌బాల్‌కు జీతమిచ్చి కోచ్‌ను పెట్టుకునే కాలేజీలు మన దగ్గర వెతికితే కనబడవు. ముప్పై నాలుగేళ్లదాన్ని, ఈ అవకాశం పోతే ఇక ఏదో ఒక స్కూల్లో డ్రిల్లు టీచరుగా ఈల ఊదుకోవాల్సిందే.

లింబాయత్: గోడలు వణికే ఇల్లు

స్టేషన్ బయట టెంపరేచర్ చూసే కుర్రాడు నా నుదుటికి గన్ను పెట్టి ముఖం చిట్లించాడు. రెండు బ్యాగులు, ఒక బంతుల మూట మోసుకుంటూ మెట్లు ఎక్కి దిగానయ్యా, ఒళ్లు వేడిగా ఉండదా అని నా హిందీలో పోట్లాడాను. పక్కన కూర్చోబెట్టి, చల్లారాక మళ్లీ చూసి వదిలాడు. పాలు కాచి దించినట్టు కూర్చోబెట్టారని ఇంటికొచ్చాక తలచుకుంటే నవ్వొస్తోంది కానీ, అప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయింది.

షేర్ ఆటోలో ఇరవై రూపాయలకు లింబాయత్ చేర్చారు. ముగ్గురే ఎక్కాలన్న రూలు ఆటో వెనక పెద్ద అక్షరాలతో రాసుంది. లోపల మేం ఆరుగురం. దిగాక సందులోకి అడుగు పెట్టగానే పాదాల కింద నేల అదురుతున్నట్టు అనిపించింది. రెండు పక్కలా మరమగ్గాలు. మావాళ్లు వాటిని సాంచెలు అంటారు. వాటి మోతలో ఎవరితో మాట్లాడినా చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. దూరం పాటించండని రాసిన ప్రభుత్వం వాళ్ల కాగితం సాంచెల షెడ్డు గోడ మీదే ఉంది.

నేను దిగింది నర్సయ్య కాక ఇంట్లో. కాక మాకు చుట్టం కాదు. ఆయన పద్మశాలి, మేము మాదిగలం. మా బాపు పెళ్లికి ముందూ తర్వాతా పన్నెండేళ్లు సూరత్‌లోనే సాంచెల మీద పనిచేశాడు. కాకా ఆయనా ఒకే కార్ఖానా. బాపు పోయి నాలుగేళ్లయినా పండుగలకు ఫోన్ చేసే మనిషి ఈయనొక్కడే. సిరిసిల్ల దగ్గరి ఊరు వదిలి నలభై ఏళ్లు కావస్తున్నా ఆయన మాటకు ఎక్కడా గుజరాతీ అంటలేదు.

"గింత బక్కగ ఉన్నవేంది బిడ్డా? పోరగాండ్లతోని ఎట్ల ఉరుకుతవ్?" అన్నాడు నన్ను చూడగానే.

రాజవ్వ చిన్నమ్మ, ఆయన భార్య, బియ్యప్పిండితో సర్వపిండి రొట్టె చేసి పెట్టింది. కాక సందు చివరికి పోయి లోచో అనే ఫలహారం తెచ్చాడు. శనగపిండి ఉడికించి, మెత్తగా గంటెతో తీసి, పైన నూనె, సేవ్ అనే సన్న కారప్పూస, పచ్చి ఉల్లిపాయ చల్లి ఇస్తారు. ప్లేటు ముప్పై రూపాయలు. రుచి బాగుంది కానీ, పప్పులో కూడా బెల్లం వేసే ఈ ఊళ్లో సర్వపిండి కారం నా నాలుకను కాపాడింది.

ఆదివారం సాయంత్రం

నేను వెళ్లింది ఆదివారం. ఆ సందులో ఆదివారం సాయంత్రానికి ఒక అలవాటు ఉందని నాకు తెలియదు. సాంచెలు ఆగాక పాత కార్ఖానా మనుషులు పది, పన్నెండుమంది కాక ఇంటి ముందు కూర్చుంటారు. మధ్యలో ఒక మంచినీళ్ల కుండ, ఒక స్టీలు గ్లాసు. గ్లాసు ఒకటే. అందరూ దాంతోనే తాగుతారు. ఆ తర్వాతే చాయ్, కబుర్లు. కరోనాలో కొన్నాళ్లు ఆపి, మళ్లీ మొదలుపెట్టారట. ఆ గుంపులో ఇద్దరు రెండో విడతలో పోయారు.

"ఇయ్యాల మొదలు మా బిడ్డ తాగాలె," అన్నాడు కాక. గ్లాసు నింపి నా చేతికిచ్చాడు.

ఏడాదిన్నరగా నేను ఎవరి గ్లాసూ ముట్టలేదు. మర్నాడు పొద్దున కాలేజీలో, కొంచెం దగ్గినా గేటు దగ్గరే ఆపేస్తామని ముందే చెప్పారు. అలాగని పెద్దవాళ్లందరూ చూస్తుంటే వద్దనడం ఎట్లా? చప్పున ఒక ఉపాయం తోచింది. తలెత్తి, గ్లాసు పైకెత్తి, పెదాలు తగలకుండా గొంతులోకి పోసుకున్నాను. చిన్నప్పటి నుంచి మనకు నేర్పిన మర్యాదే కదా, ఎంగిలి చేయకుండా తాగడం. నేను చాలా తెలివిగా గట్టెక్కాననుకున్నాను.

తల దించి చూస్తే ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు. ఒక ముసలమ్మ కొంగుతో నోరు మూసుకుంది.

"మూతి ఆనించాలె బిడ్డా," అన్నాడు కాక మెల్లగా. "మీ బాపు నీకు చెప్పలేదా?"

చెప్పాడు, కొంత. కార్ఖానాలో మాదిగవాళ్లకు గ్లాసు ఇచ్చేవారు కాదనీ, దోసిలి పడితే పైనుంచి పోసేవారనీ, ఆయన కొట్లాడి గెలిచాడనీ చెప్పాడు. ఎట్లా గెలిచాడో చెప్పలేదు. అది ఆ సాయంత్రం కాక నోట విన్నాను.

"పోసేటిది సేటు కాదు బిడ్డా. మేమే. నేను గూడ పోసిన," అన్నాడు. "ఒకనాడు మీ బాపు దోసిలి పట్టనన్నడు. గ్లాసియ్యున్రి, లేకుంటె నాకు నీళ్లే వద్దన్నడు. ఎండకాలం, పన్నెండు గంటల పాళి డ్యూటీ. నీళ్లు లేకుంట సాంచెలు నడిపిండు. మేము నవ్వినం. ఎన్ని దినాలు నడుపుతడో చూద్దమన్నం. ఒకనాడు సాంచె పక్కన్నే పడిపాయె. నాకేమాయెనో నాకే తెల్వది, గ్లాసు పట్టుకొని ఉరికిన. మూతికి పెట్టి తాపిన. మిగిలినయి నేను తాగిన. అందరు చూస్తనే ఉన్నరు."

"తర్వాత?"

"తర్వాతేంది, ఒక్కొక్కడే తాగిండు. తాగనోడు వేరే కార్ఖానాకు పోయిండు. సేటుకేం ఫరక్? మాల్ వెళ్తె చాలు గాయనకు."

నీళ్లు పైనుంచి పోయడమే ఏ మనిషికి అవమానమైందో, ఆ మనిషి కూతురు అదే గుంపు ముందు పైనుంచి పోసుకుని తాగింది. నా ముఖం మాడిపోయింది. గ్లాసు మళ్లీ అందుకుని పెదాలకు ఆనించి తాగాను. తాగుతున్నంతసేపూ భయపడుతూనే ఉన్నాను, భయపడుతున్నందుకు సిగ్గుపడుతూనే ఉన్నాను.

వంటింట్లో రాజవ్వ చిన్నమ్మ నా భుజం తట్టి గుసగుసగా అంది, "పరేషాన్ గాకు. నేను గూడ మూతికి ఆనిచ్చుడే, తాగుత లేను. మీ కాకకు చెప్పకు."

తాపీ అవతల: మైదానం

మర్నాడు తాపీ నది వంతెన దాటి అమ్రోలి వైపు వెళ్లాను. కాలేజీలో ఆటల పెద్ద దేశాయి సార్ ఎదురొచ్చారు. అరవైకి దగ్గరపడిన మనిషి, మాస్కు మీద ఇంకో మాస్కు. "రండి సరోజ బెన్," అని అక్కా అన్నట్టు పిలిచి, అక్కడి అలవాటు ప్రకారం పుదీనా, నిమ్మగడ్డి వేసిన చాయ్ ఇప్పించారు. మామూలుగా అయితే సగం కప్పులో ఉంచుకుని, సగం సాసరులో పోసి పక్కవాడికిస్తారట. ఇప్పుడెవరి కాగితం కప్పు వాళ్లది. చాయ్ మాత్రం మన ఇరానీ చాయ్‌తో పోటీకి వస్తుంది.

జట్టు చూశాక నాకు ప్రాణం లేచొచ్చింది. పద్దెనిమిదిమంది అమ్మాయిలు. సగంమంది బంతిని బొటనవేలితో తన్నుతున్నారు, నిజమే. కానీ పరుగుంది, ఆకలుంది. గుండ్రంగా నిలబెట్టి, మధ్యలో ఒకరిని పెట్టి, బంతి ఆమెకు చిక్కకుండా ఇచ్చిపుచ్చుకోమన్నాను. పాదం లోపలి పక్కతో తాకాలని చూపించాను. అరగంటలో బంతి చప్పుడే మారిపోయింది. లింబాయత్ నుంచి వచ్చే కావ్య అనే తెలుగమ్మాయి ఎడమ కాలితో కొడితే గోల్‌కీపరు తల పక్కకు తిప్పేసుకుంది. మనీషా అనే మరాఠీ అమ్మాయి పొట్టిగా ఉన్నా ఎవరినీ ముందుకు పోనివ్వదు. గోల్ పడితే అందరూ ఒకరి మీద ఒకరు పడి దొర్లారు. ఈ జట్టు నాకు కావాలి అనుకున్నాను. చాలా రోజుల తర్వాత నాకు ఏదైనా అంత గట్టిగా కావాలనిపించింది.

నీళ్లకని ఈల వేశాను.

అప్పటిదాకా ఒకరి చెమట ఒకరికి పూసుకున్న పిల్లలు, నీళ్ల దగ్గర మాత్రం విడిపోయారు. ఎవరి సీసా వాళ్లది, పేర్లు అంటించి ఉన్నాయి. అంతవరకు సరే. పదహారు సీసాలు చెట్టు నీడలో ఉన్నాయి. రెండు మాత్రం దూరంగా, గోడ పక్కన, ఎండలో ఉన్నాయి. కావ్య, మనీషా నడుచుకుంటూ అటు వెళ్లారు.

ముందురోజు సాయంత్రం విన్నదంతా ఒక్కసారి తలకెక్కింది. "ఆ రెండూ అక్కడెందుకున్నాయి?" అని అడిగాను.

"ఇద్దరిదీ లింబాయత్ కదా బెన్, అక్కడ కేసులు ఎక్కువ," అన్నారు దేశాయి సార్, వర్షం పడేలా ఉంది అన్నంత మామూలుగా.

"కేసులు నీళ్ల దగ్గరే వస్తాయా? ఇందాక దొర్లినప్పుడు రాలేదా?"

ఆయన జవాబు చెప్పేదాకా నేను ఆగలేదు. గోడ దగ్గరికి పోయి రెండు సీసాలూ తెచ్చి నీడ మధ్యలో పెట్టాను. ఆపైన నా దిక్కుమాలిన హిందీలో ప్రసంగం. మా బాపు, దోసిలి, గ్లాసు, అన్నీ చెప్పేశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకమ్మాయి తన సీసాను కొంచెం పక్కకు జరుపుకుంది. దేశాయి సార్ రెండో మాస్కు సరిచేసుకున్నారు.

ఆట ముగిశాక కావ్య నా వెంట నడిచింది.

"దీదీ, బురా మత్ మాన్నా, ఏమనుకోకు. నా సీసా నేనే ఆడ పెట్టుకున్న," అంది. "కరోనా వచ్చినంక మా అమ్మకు ఊపిరి సరిగ ఆడ్త లేదు. ఇంట్ల ఆక్సిజన్ మెషీన్ ఉంది. వీళ్ల నుంచి నాకేమన్న అంటితె అమ్మకు అంటుతది కదా? అందుకని దూరం."

అంటే వాళ్లు కావ్యను దూరం పెట్టలేదు. కావ్యే వాళ్లను దూరం పెట్టింది. నేను పోయి ఆ పిల్ల సీసాను మందలో కలిపి ఉపన్యాసం ఇచ్చాను. అక్కడే భూమిలోకి పోదామనిపించింది.

"మనీషాది కూడా అంతేనా?" అన్నాను.

మనీషా కొంచెం వెనక వస్తోంది. ఆమె తల్లి అదే కాలేజీలో ఊడ్చే పని చేస్తుంది. ఆ పిల్లను హిందీలో అడిగాను, నీ సీసా అక్కడ పెట్టమని నీకెవరు చెప్పారని.

"ఎవరూ చెప్పలేదు దీదీ," అంది. కొంచెం నడిచి, "వద్దని కూడా ఎవరూ చెప్పలేదు," అంది.

ఆ మాట పట్టుకుని వంతెన దాటేదాకా ఆలోచించాను. కింద తాపీ నిండుగా పారుతోంది. ఎవరిని తిట్టాలో తెలిస్తే ఎంత బాగుండునో అనిపించింది. బాపుకు ఆ సౌకర్యం ఉండేది. ఎదురుగా చేయి, చేతిలో చెంబు, పైనుంచి నీళ్లు. నాకు కనబడుతున్నది ఒక గోడ, రెండు సీసాలు. ఒకటి జబ్బు వల్ల, ఇంకొకటి దేనివల్లో. రెండూ ఒకే ఎండలో, ఒకేలా ఉన్నాయి.

నీడలో చోటు

రెండో రోజు పొద్దున్నే మైదానానికి పోయి సున్నంతో గీతలు గీశాను. రెండు బారల దూరానికి ఒక గీత. అందరి సీసాలూ ఒకే వరుసలో, మధ్య దూరం అందరికీ ఒక్కటే. కావ్యకు కావలసిన దూరం ఆమెకుంటుంది, మనీషాకు అక్కర్లేని దూరం ఆమె ఒక్కదానికే ఉండదు. చాలా గొప్పగా ఆలోచించాననుకున్నాను. తీరా పెడితే చెట్టు నీడ చాలలేదు. ఆరు సీసాలు ఎండలోకి వచ్చాయి.

"నా నీళ్లు వేడెక్కుతాయి మేడమ్," అంది కెప్టెన్ అమ్మాయి.

"రోజూ ఒక్కో చోటు జరగండి. అందరికీ నీడ వంతు వస్తుంది, అందరికీ ఎండ వంతు వస్తుంది," అన్నాను. "ఇవాళ మొదటి ఎండ వంతు కోచ్‌ది." నా సీసా చివరి గీత మీద పెట్టాను. విరామంలో ఆ నీళ్లు తాగితే చక్కెర మరిచిన చాయ్‌లా వేడిగా ఉన్నాయి. అయినా గటగటా తాగాను, అందరూ చూస్తున్నారు మరి.

ఆ రోజు వాళ్లు నిన్నటి కంటే బాగా ఆడారు. దానికీ సీసాలకూ సంబంధం ఉందని చెప్పను. పాదం లోపలి పక్క అలవాటైంది, అంతే.

మధ్యాహ్నం కమిటీ ముందు కూర్చున్నాను. నలుగురున్నారు, పళ్లెంలో ఖమణ్ అనే శనగపిండి ఫలహారం ఉంది. ఫుట్‌బాల్ గురించి ఒక్క ప్రశ్న అడిగారు. మిగిలినవన్నీ, మీకు కోపం త్వరగా వస్తుందా, ఈ ఊళ్లో మీవాళ్లు ఎవరున్నారు, లింబాయత్‌లోనే ఎందుకు దిగారు, ఇలాంటివి. ప్రతి ప్రశ్నకూ రెండు అర్థాలున్నట్టు తోచింది. బహుశా ఒక్క అర్థమే ఉందేమో, నేనే రెండోది కలుపుకున్నానేమో. దేశాయి సార్ మాత్రం బయటిదాకా వచ్చి, "గీతలు బాగున్నాయి బెన్. నాకు ముందు తోచలేదు," అన్నారు. మెచ్చుకున్నారో, సాగనంపారో తెలియలేదు. ఫోన్ చేసి చెబుతామన్నారు.

బండి ఎక్కేముందు

నర్సయ్య కాకకు సీసాల వరుస సంగతి ఉత్సాహంగా చెప్పాను. బాపు విని ఉంటే భుజం తట్టేవాడని నా ఊహ. కాక బీడీ ఆర్పాడు.

"గిదేం సమానం బిడ్డా?" అన్నాడు. "మేము దగ్గరికి రావాల్నని కొట్లాడితిమి. నువ్వు అందర్ని దూరం నిలవెడితివి."

"కాక, కరోనా..."

"కరోనా నాకెర్కలేదా? ఇద్దర్ని కాలవెట్టి వచ్చిన. నిన్ను తప్పు పడ్త లేను. కరోనా పోయినంక గా గీతలు ఎవరు చెరుపుతరని అడుగుతున్న."

చిన్నమ్మ దారికి జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం కట్టిచ్చింది. కాక స్టేషన్ దాకా వచ్చి, ప్లాట్‌ఫారం టికెట్లు ఇవ్వడం లేదంటే బయటే నిలబడి చేయి ఊపాడు.

ఇంటికి వచ్చాక

పది రోజులకు దేశాయి సార్ ఫోన్ చేశారు. ఈసారికి వేరే వారిని తీసుకున్నామని, నన్ను మాత్రం గుర్తుంచుకుంటామని అన్నారు. ఎందుకని అడిగాను. కమిటీ నిర్ణయం అన్నారు. నా కోపం వల్లనా, నా ప్రసంగం వల్లనా, లింబాయత్ వల్లనా, బాపు వల్లనా, లేక వచ్చినవాడు నాకంటే మంచి కోచా? చివరిది కూడా నిజం కావచ్చు. అది నిజమైతే నాకు కోపం రావలసిన పనే లేదు. అదేదో తేలేదాకా కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇల్లంతా తిరిగాను. ఇప్పుడు ఒక స్కూల్లో డ్రిల్లు చెబుతున్నాను. ఈల కొత్తది ఇచ్చారు.

మొన్న కావ్య ఫోన్ చేసింది. వాళ్లమ్మకు ఊపిరి కుదురుకుని మెషీన్ తీసేశారట. ముందు ఆ కబురు చెప్పి, తర్వాత ఆట సంగతులు మొదలుపెట్టింది.

"కొత్త సార్ మంచిగనే నేర్పుతుండు దీదీ. మొదటి రోజు ఏమైందో ఎర్కనా? తన సీసా తెచ్చి నీడల పెట్టిండు. మనీషా లేచి సార్ దగ్గరికి పోయింది."

"మనీషానా?"

"ఆఁ, మనీషానే. సార్ ముందర నిలవడి, సార్, ఇయ్యాల మీది ఎండ వంతు అన్నది. సార్‌కు గుస్సా వచ్చింది. ఎవరు పెట్టిన్రు ఈ రూలు అన్నడు. మేమే అన్నం."

"మరి ఏం చేశాడు?"

"ఏం చేస్తడు? ఎండల పెట్టిండు."

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. సూరత్ ఉద్యోగం రానందుకు అన్ని రోజులూ రాని ఏడుపు, ఆ జట్టుకు కోచ్‌ను నేను కాలేకపోయానని అప్పుడొచ్చింది.